ప్లగ్గు పీకాక

కొండ మీది పెద్ద యాంటెన్నా దగ్గర ఆయన్ని అందరూ ముక్కు బాబాయ్ అనేవాళ్ళు. నక్షత్రాల దగ్గర ఎవరైనా ఉండి రేడియోలో పలకరిస్తారేమోనని లోపల సైంటిస్టులు చెవులు రిక్కించి వింటుంటే, మధ్యలో అడ్డొచ్చే గోల ఎవరింట్లోదో వాసన పట్టి నోరు మూయించడం ఈయన పని. ఇరవయ్యారేళ్ళుగా వ్యానేసుకుని తిరిగి ఎన్ని పట్టాడో! కరెంటు కంచె, పాత ఓవెను, ఒకసారైతే సొంత బావమరిది వెల్డింగు మిషను. ఆయన పుస్తకంలో "దొరకలేదు" అన్న మాట ఒక్కచోట కూడా లేదు. ఎల్లుండి రిటైర్మెంటు. ఆ మాట రాయకుండానే ఇంటికెళ్ళాలని ఆయన పంతం.

ఆఖరి సిగ్నల్ మాత్రం మూడు రోజులుగా చుక్కలు చూపిస్తోంది. యాంటెన్నా పది నిమిషాలు నక్షత్రాన్ని, పది నిమిషాలు పక్కనున్న ఖాళీని చూస్తుంది. ఇళ్ళలోంచి వచ్చే గోలైతే రెండు వైపులా వినబడాలి. ఇది నక్షత్రం వైపు తిరిగినప్పుడే వస్తోంది.

ఆ మధ్యాహ్నం ఒక మామ్మగారింట్లో మోకాళ్ళకు కాపడం పెట్టే కరెంటు దిండు కనబడింది. అచ్చం ఆ సిగ్నల్ లాగే పదేసి నిమిషాలకోసారి దానంతటదే వెలిగి ఆరుతోంది. మూడు రోజులుగా వాడుతోందట. ఆయనకు ప్రాణం లేచొచ్చింది.

"నా మోకాళ్ళు నక్షత్రాలకేం అడ్డమొచ్చాయి నాయనా?" అంది మామ్మ.

ప్లగ్గు పీకి ఫోను చేశాడు. సిగ్నల్ పోయిందని చెప్పి, పార్టీ ఎప్పుడని అడిగింది కంట్రోల్ రూములో అమ్మాయి. పుస్తకంలో "కరెంటు దిండు" అని రాసి సంతకం పెట్టేశాడు.

మామ్మ ఇచ్చిన మంచినీళ్ళు తాగుతూ గోడ గడియారం వైపు చూశాడు. ప్లగ్గు పీకింది మూడూ ఇరవైకి. యాంటెన్నా పక్కకు తిరిగేదీ మూడూ ఇరవైకే. అంటే దిండు ఆగినా ఆగకపోయినా అప్పుడు ఏమీ వినబడదు. గ్లాసు కింద పెట్టేశాడు. సంతకమైపోయింది, అడిగేవాళ్ళెవరూ లేరు. గమ్మున వెళ్ళిపోవచ్చు.

కింద పడున్న ప్లగ్గు చేతిలోకి తీసుకుని మళ్ళీ ఫోను చేశాడు.

"నక్షత్రం మీదికి ఎప్పుడమ్మా?"

"ఇదిగో, తిరుగుతోంది బాబాయ్. ఏం?"

ఆయన ఫోను చెవికి ఆనించుకునే ఉన్నాడు.

"బాబాయ్... ప్లగ్గు మళ్ళీ పెట్టారా?"

"లేదమ్మా. నా చేతిలోనే ఉంది."

మామ్మ మోకాళ్ళు రుద్దుకుంటూ, ఇక పెట్టుకోవచ్చా అని అడిగింది. ఆయన ప్లగ్గు ఆవిడ చేతికిచ్చి, పుస్తకంలో పెట్టిన సంతకం మీద అడ్డగీత గీసి, ఇరవయ్యారేళ్ళుగా రాయని ఆ ఒక్క మాటా మెల్లగా రాశాడు.