ముగ్గురు ఉసేనప్పలు

మొన్నొక మిట్టమధ్యాహ్నం కర్నూలులో మా మనవరాలి ఇంట్లో భోంచేసి వసారాలో నడుం వాల్చానో లేదో, గేటు బయటి నుంచి ఎవరో మనవరాలి మొగుణ్ణి పేరు పెట్టి పిలిచారు. ఏదో పార్సిలు తెచ్చిన పిల్లవాడని తర్వాత తెలిసింది. మేడమీద తన పనిలో తానున్న మనవరాలి మొగుడు, పిలిచిందెవరో తొంగి చూడకుండానే ‘ఆఁ, వస్తున్నా’ అని కేకేశాడు. నేను దిగ్గున లేచి కూర్చుని, మనిషిని చూడకుండా పలకొద్దు నాయనా అని అరిచాను. మొగుడూ పెళ్ళాం ఇద్దరూ వచ్చి నన్ను చూసి నవ్వారు. మనవరాలు గ్లాసెడు మజ్జిగ చేతిలో పెట్టి, ఎండ దెబ్బ తగిలిందేమో పడుకో అవ్వా అంది. ఎండ నాకు కొత్తా? నవ్వితే నవ్వుకోనీ, మన ఈడువాళ్ళు నవ్వరన్న ధైర్యంతో మీకు చెప్పుకుంటున్నాను.

కోయిలకుంట్ల దగ్గర మా ఊరు. కర్నూలు రాజధానిగా ఉండి, ఆఫీసులు గుడారాల్లో నడుస్తున్న రోజులవి, నాకప్పుడు పదేళ్ళుంటాయేమో. మా ఊళ్ళో ఒకే పేరుగల మనుషులు ముగ్గురుండేవారు, ముగ్గురూ పేరు మోసినవారే. రాతకోతల్లో ఒకరు ఉసేన్ రెడ్డి, ఒకరు ఉసేనప్ప, ఒకరు ఉసేన్ సాయిబు. ఊరి నోట్లో మాత్రం ముగ్గురూ ఉసేనప్పలే. ఎద్దుల ఉసేనప్ప మా నాయన. బండలాగుడు పోటీలకు ఆయన ఎద్దుల జత వచ్చిందంటే మిగతావాళ్ళు రెండో బహుమతి కోసమే తమ ఎద్దులను తోలుకునేవారు. నీళ్ళ ఉసేనప్పను మేము చిన్నాయనా అని పిలిచేవాళ్ళం. ఎక్కడ బావి తవ్వితే నీళ్ళు పడతాయో చెప్పడంలో ఆయనకు సాటి లేదు, మట్టి కాలే ఎండలో నేలకు చెవి ఆనించి పడుకుని, లేచి, ఇక్కడ తవ్వండి అనేవాడు. ఇక సన్నాయి ఉసేన్ సాయిబు, మాకు మామ వరస. ఆయన సన్నాయి లేని పెళ్ళి పెళ్ళికాదని చుట్టుపక్కల ఆడపిల్లల తండ్రులు ఆయనకు ముందు తాంబూలం ఇచ్చి, ఆ తర్వాతే ముహూర్తం పెట్టించుకునేవారు.

ఈ మూడు ఇళ్ళకూ ఒకే పేరు ఎలా వచ్చిందో మా జేజి, అంటే మా నాయన తల్లి, చెబుతుండేది. ఏదో పాడు రోగం వచ్చి ఊళ్ళో ఉయ్యాలలన్నీ ఖాళీ అయిన కాలంలో, కడుపుతో ఉన్న ముగ్గురు ఆడవాళ్ళు కలిసి పీర్లచావిడికి పోయి, బిడ్డ నిలిస్తే నీ పేరే పెట్టుకుంటామని ఉసేన్ పీరుకు మొక్కుకున్నారట. ముగ్గురికీ మగపిల్లలు పుట్టారు, ముగ్గురూ నిలిచారు. ముగ్గురికీ ఒకే పేరేమిటి, రేపు పిలిస్తే ఎవరు పలకాలి అని మా జేజి అడిగితే, చావిడిలో పీర్లను చూసుకునే ముజావరు నవ్వి, అదే మేలు, తీసుకుపోనీకి వచ్చేటోడు ఎవుర్ని పిలవాల్నో తెలీక ఎనిక్కి పోతాడు అన్నాడట. ఆ మాట మా జేజికి మంత్రంలాగా పనిచేసింది. ముగ్గుర్నీ ఎప్పుడూ ఒకచోట కలిపి ఆడించేది, ఒకడికి జ్వరం వస్తే మిగతా ఇద్దర్నీ తెచ్చి వాడి మంచం పక్కనే పడుకోబెట్టేది.

పెద్దయ్యాక కూడా వాళ్ళకు ఆ కలిసి ఉండే అలవాటు పోలేదు. పనిలేని మధ్యాహ్నాల్లో మా ఎద్దుల కొట్టం ముందున్న పందిరి కింద ముగ్గురూ చేరేవారు. వీధిలోంచి ఎవరైనా ఉసేనప్పా అని వట్టి పేరుతో పిలిస్తే ఒక్కరూ పలికేవారు కాదు, ఒకరి ముఖం ఒకరు చూసుకుని మీసాల్లో నవ్వుకునేవారు. పిలిచినవాడు వచ్చి ఎద్దులనో నీళ్ళనో సన్నాయినో అడిగాక, అప్పుడు ఆ మనిషి పలకాలి. పొరుగూళ్ళవాళ్ళకు ఈ పద్ధతి తెలియక పడే తిప్పలు మాకు వేడుకగా ఉండేవి, ఒకసారి బావికి చోటు చూపమని బండి కట్టుకొచ్చినవాళ్ళు ఏ ఉసేనప్పో అడక్కుండానే సన్నాయి మామను ఎక్కించుకుని పోయి, చేను మధ్యలో దించాక గానీ సంగతి తెలుసుకోలేదు.

మా అమ్మ పాట్లు వేరు. మొగుడి పేరు నోట పలకకూడదు కదా, అదే పేరు కాబట్టి మిగతా ఇద్దరి పేర్లు కూడా ఆమె పలికేది కాదు. ఒకరు నీళ్ళాయన, ఒకరు సన్నాయన్న, మా నాయన ‘మా ఇంటాయన’. పీర్ల పండుగనాడు కూడా పీరుకు దండం పెట్టి పెదవులు కదిపేదే తప్ప పేరు బయటికి వచ్చేది కాదు. ఆ నాలుగక్షరాలూ మా అమ్మ గొంతులో నేను విననే వినలేదు, ఒక్కసారి తప్ప. అది చివర్లో చెబుతాను.

ఆ ఏడు రాజధానిలో నీళ్ళకు కటకటగా ఉంటే, నీళ్ళ చిన్నాయనను కర్నూలుకు పిలిపించుకున్నారు. ఆయన చూపిన చోట నీళ్ళు పడ్డాయని ఎవరో పెద్ద అధికారి శాలువా కప్పి పంపాడు. ఆ శాలువాను మండుటెండలో కూడా భుజాన వేసుకుని మా పందిరి కింద కూర్చున్నాడు. మిగతా ఇద్దరూ ఆయన్ను ఆటపట్టిస్తున్నారు, నేను మజ్జిగ చెంబు పట్టుకుని నిలబడ్డాను. అప్పుడు వీధిలోంచి ఎవరో ఉసేనప్పా అని పిలిచారు. ఆ గొంతు ఎవరిదో ఇవాళ్టికీ చెప్పలేను. కొత్త గొంతైతే ఇంత భయం ఉండేది కాదేమో, అది బాగా ఎరిగిన మనిషి గొంతులాగానే ఉండింది, ఎవరో గుర్తు రాలేదంతే. ముగ్గురూ మామూలుగా ముఖాలు చూసుకున్నారు. కొత్త గౌరవం వచ్చిన హుషారులో చిన్నాయన, ఇంగెవురు, నన్నే అని, ‘ఆఁ, వస్తాండా’ అంటూ లేచిపోయాడు. వీధి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా ఎండ తప్ప ఏమీ లేదు. ఎవురూ ల్యాకపోయిరి గదప్పా అని నవ్వుతూ వచ్చి కూర్చున్నాడు.

వారం తిరగలేదు. తాను చోటు చూపిన బావిలో ఊట పడిందో లేదో చూస్తానని దిగి, అడుగున కూర్చున్నవాడు కూర్చున్నట్టే ఉండిపోయాడు. పైకి తెచ్చేసరికి ప్రాణం లేదు, పాదాలు మాత్రం తడిగా ఉన్నాయి, ఊట పడింది.

మా జేజి ఆ రోజు ఏడవలేదు. ఇంక ఇద్దరే మిగిల్నారు అని మాత్రం అంది. ఆ మాటకు అర్థం అప్పుడు నాకు తెలియలేదు, మా అమ్మకు తెలిసింది. ఆ తర్వాతి పెళ్ళిళ్ళ కాలంలో బనగానపల్లె వైపు ఒక ఎదురుకోళ్ళలో సన్నాయి మామ వాయిస్తూ వాయిస్తూ సన్నాయి పెదవుల నుంచి తీసి, వెనక్కి తిరిగి, ‘ఆఁ, ఏమి?’ అన్నాడట. ఎవరూ పిలవలేదని పక్కన డోలు వాయిస్తున్న ఆయన తమ్ముడు మా ఇంటికొచ్చి ప్రమాణం చేసి చెప్పాడు. అన్నంతనే చాప మీద కూలబడ్డాడు, ఇక లేవలేదు.

ఇక మా నాయన ఒక్కడే మిగిలాడు. వచ్చేవాడు ఎవరిని పిలవాలో తెలియక తిరిగిపోవడానికి ఇక వీల్లేదు, ఊళ్ళో ఉసేనప్ప అంటే ఒకే మనిషి. పీరు ఇచ్చిన పేరును పీరుకే అప్పగించి ఇంకో పేరు పెట్టుకోమని మా జేజి ఒకటే పోరు. మా నాయన ఒప్పుకోలేదు. పేరు పెట్టి పిలిస్తే సచ్చేటట్టయితే ఈ ఊర్లో ఎవురు మిగుల్తారు, నా పేరు మూడు తాలూకాల్లో ఉండాది, యాడాడనుంచి తుడుచుకొస్తా అని కసిరేవాడు. ఆయన మాట్లాడింది ధైర్యంగానే. కానీ ఒక మధ్యాహ్నం నేను కొట్టంలోకి పోయేసరికి, ఆయన ఎద్దు మెడ మీద చెయ్యి వేసి కదలకుండా నిలబడి ఉన్నాడు. నాకేమీ వినిపించలేదు. ఎద్దులు రెండూ మేత మాని వీధి వైపు చెవులు నిక్కించాయి, మా నాయన పెదవులు బిగబట్టుకుని ఉన్నాడు. నన్ను చూసి, నువ్వు గానీ పిలిస్తివా పాపా అని అడిగాడు. లేదన్నాను. ఆ సంగతి నేను పోయి అమ్మకు చెప్పాను.

బనగానపల్లె తిరునాళ్ళలో బండలాగుడుకు మా నాయన జత పేరు ఎప్పుడో ఇచ్చేశాడు. అక్కడి పద్ధతి మీకు తెలిసే ఉంటుంది. మైకులో యజమాని పేరు పిలుస్తారు, ఆయన గట్టిగా పలికి ముందుకొచ్చి ఎద్దుల మీద చెయ్యి వెయ్యాలి, మూడు పిలుపులకు పలక్కపోతే జతను పక్కకు తప్పిస్తారు. మా ఇళ్ళల్లో ఆడవాళ్ళు ఆ పోటీల దగ్గరికి పోయే ఆచారం లేదు. ఆ ఏడు మా అమ్మ బండెక్కి కూర్చుంది. నన్ను పక్కన కూర్చోబెట్టుకుంది, దిగమని మా నాయన ఎంత అరిచినా దిగలేదు. అక్కడికి పోయాక మగవాళ్ళ మధ్యలోంచి నడిచిపోయి, కొంగు తలమీద కప్పుకుని, మా నాయన ఎదురుగా ఆయన ముఖం కనబడేటట్టు నిలబడింది. నేను ఆమె చెయ్యి పట్టుకునే ఉన్నాను.

ఎద్దుల ఉసేనప్ప అని మైకు పిలిచింది. జనం ఈలలు వేశారు. మా నాయన ఛాతీ పొంగింది, నోరు తెరిచాడు. మా అమ్మ తల అడ్డంగా ఊపింది, కళ్ళ నుంచి నీళ్ళు కారుతున్నాయి. రెండోసారి పిలిచింది. తోలేవాళ్ళు మా నాయన వైపు తిరిగి, పలుకు రెడ్డీ, పలుకు అని గోల. ఏళ్ళ తరబడి మేపి, తోమి, బిడ్డల్లా సాకిన జత అక్కడ కాడి కింద నిలబడి ఉంది. మూడోసారి ఉసేనప్పా అని వినబడింది, ఈసారి ముందు ఎద్దుల మాట లేదు, వట్టి పేరే. మా నాయన నోటికి తువ్వాలు అడ్డం పెట్టుకుని, మోకాళ్ళ మీద కూర్చుండిపోయాడు. తోలేవాళ్ళు జతను పక్కకు తోలుకుపోయారు.

పోటీ అయిపోయాక మైకాయన వెతుక్కుంటూ మా బండి దగ్గరికి వచ్చాడు. ఏమి రెడ్డీ, నీకోసరం ఇంగో పిలుపు పిలుద్దామని నీళ్ళు తాగుతాంటే జత తోలుకోని పోతిరే, నేను పిలిచింది రెండు తూర్లే గదప్పా అన్నాడు. మా నాయన బండి కట్టమన్నాడు.

మరునాడే చావిడికి పోయి, పీరుకు బెల్లం చదివించి, ముజావరు చెవిలో తన పేరు తానే చెప్పి అప్పగించి వచ్చాడు. ఎద్దుల్ని డోన్ బేరగాళ్ళకు అమ్మేశాడు. మా జేజి పెట్టిన కొత్త పేరు ఎవరి నోటికీ అంటుకోలేదు, ఊరంతా ‘ఎద్దులాయన’ అనడం మొదలుపెట్టింది, కొట్టంలో ఎద్దులు లేకపోయినా. పోటీలకు మళ్ళీ పోలేదు. కొన్నేళ్ళకు నా పెళ్ళి చూపుల పని మీద ఆయనా నేనూ డోన్ స్టేషన్లో రైలు కోసం కూర్చుని ఉంటే, పక్క బెంచీ మీద ఇద్దరు రైతులు ఎద్దుల ముచ్చట్లు చెప్పుకుంటూ, కోయిలకుంట్ల పక్క ఎద్దుల ఉసేనప్ప అని ఒకాయన ఉండె, అట్లాటి జత మళ్ళా పుట్టల్యా, ఆయప్ప సచ్చిపాయె అన్నారు. మా నాయన వాళ్ళ వైపు వంగి, ‘ఎట్ల సచ్చిపాయెనప్పా?’ అని అడిగాడు. వాళ్ళు ఏదో చెప్పారు. ఆయన తలూపుతూ అంతా విన్నాడు. నాకు ఏడుపొచ్చింది, ఎందుకని అడిగితే ఇంజన్ పొగ అని చెప్పాను.

ఆ తర్వాత మా నాయన ఎనభై దాటి బతికాడు. ఆ పేరు మా ఇంట్లో ఎవరమూ ఎత్తలేదు. చివర్లో మాత్రం ఆయన పడిన యాతన పగవాడికి కూడా వద్దు. మాట పడిపోయి, మింగుడు ఆగిపోయి, ప్రాణం పోదు, ఉండదు. కొడుకులు, కూతుళ్ళు అందరం పిలిచి పిలిచి తులసినీళ్ళు పోశాం. రోజులు గడిచినా అదే ఎగశ్వాస. ఒక పట్టపగలు మా అమ్మ మమ్మల్నందరినీ పక్కకు జరగమంది. ముడతలు పడిన చేత్తో ఆయన నుదురు నిమిరి, చెవి దగ్గరికి వంగి, పెళ్ళయిన అరవై ఏళ్ళలో మొదటిసారి, ఎంతో మెత్తగా, ఉసేనప్పా అని పిలిచింది. మా నాయన కళ్ళు తెరిచాడు. ఆ ముఖంలో కొట్టం ముందు పందిరి కిందటి నవ్వు కనబడింది. ‘ఆఁ’ అన్నాడు, పోయాడు.

మా అమ్మ ఆ తర్వాత ఉన్నన్నాళ్ళూ ఆ పేరు మళ్ళీ పలకలేదు.

ఇప్పుడు పేరు పెట్టి పిలవడానికి ఎవరికీ ఏ పట్టింపూ లేదు, మా మనవరాలు మొగుణ్ణి రోజుకు నూరుసార్లు పిలుస్తుంది. వినడానికి ముచ్చటగానే ఉంటుంది, ఏమాటకామాటే చెప్పుకోవాలి. మొన్న వాళ్ళకు కొడుకు పుడితే కంప్యూటర్లో వెతికి వెతికి ఒక పేరు పెట్టారు. అది ఈ దేశంలో ఇంకెవరికీ లేని పేరు అవ్వా అని మనవరాలు గొప్పగా చెప్పింది. మా కాలంలో ఏ పేరుకైనా ఊళ్ళో ఇద్దరో ముగ్గురో ఉండేవారు, ఒకరి పేరు ఇంకొకరికి కాపలా ఉండేది. మా నాయన వెనక దాక్కోవడానికి ఇద్దరుండేవారు. ఉయ్యాలలో పడుకున్న ఈ పసివాణ్ణి చూస్తూ, పేరు బాగుందమ్మా, కానీ వీణ్ణి ఎవరైనా పిలిస్తే వీడొక్కడే పలకాలి కదా అన్నాను. మనవరాలు నవ్వి, ఇంకెవరు పలుకుతారు అవ్వా అంది.