కినాటి అత్త నీళ్ళ గుహ

మా కినాటి అత్త మోకాళ్ళు నల్లగా కాయలు కాసి ఉండేవి. పసిఫిక్ సముద్రం నడుమ ఉన్న మా బనాబా దీవిలో ఏరు లేదు, చెరువు లేదు. నీళ్ళు కావాలంటే ఆడవాళ్ళు రాతి గుహల్లోకి పాకుతూ దిగాల్సిందే, మగవాళ్ళు దిగకూడదు. అట్లా పాకి తెచ్చిన నీళ్ళతోనే అత్త కొడుకు కబునారేని పెంచింది.

మామ బిరిబో పందొమ్మిది వందల ఒకటిలో చేపల వేటకు పోయి తిరిగి రాలేదు. పడవ చెక్క కూడా దొరకలేదు. అప్పటికి కబునారేకి మూడేళ్ళు.

"ఇంకా వయసుందే, మళ్ళీ చేసుకో," అని మా నాన్న చెల్లెలికి నచ్చజెప్పబోయాడు.

"శవమైనా చూపించు అన్నయ్యా, అప్పుడు చేసుకుంటా," అంది అత్త. నాన్న మళ్ళీ ఆ మాట ఎత్తలేదు.

నాకు పదేళ్ళప్పుడు మొదటిసారి నన్ను గుహలోకి తీసుకెళ్ళింది. ఎండు కొబ్బరాకుల కాగడా పట్టుకుని తను ముందు, బోర్లా పడుకుని పాకుతూ నేను వెనక. భయమేసి ఏడ్చాను.

"ఏడువు, ఏడువు. ఆ నీళ్ళు కూడా కొబ్బరి బుర్రలోకి పట్టు, వృథాగా పోనీకు," అంది. ఏడుపులోనే నవ్వొచ్చింది.

ఆ గుహ మామ బాదం చెట్ల మధ్య ఉండేది. మామ పోయాక ఆ నేల కొడుకుదయింది. అత్త అక్కడే కూర్చుని కాయలు రాతితో కొట్టి, పప్పు వాడి నోట్లో పెట్టేది. వాడికి మీసాలొచ్చాక కూడా.

కబునారే ఎరువు మట్టి తవ్వే కంపెనీలో పనికి చేరాడు. ఏడాది తిరక్కుండానే ఒక సాయంత్రం సంబరంగా వచ్చాడు.

"అమ్మా, ఇక నువ్వు పాకక్కర్లేదు. రేకుల కప్పు వేయిస్తా. వాన నీళ్ళు తొట్టిలో పడతాయి, కూర్చున్నచోటే ముంచుకో."

"రేకులెవరిస్తారు?"

"కంపెనీ."

"ఊరికేనా?"

"బాదం చెట్ల నేల తవ్వుకోనిస్తే," అన్నాడు వాడు తల దించుకుని.

చెట్లు కొట్టే రోజు తెల్లారేసరికి అత్త ఒక చెట్టుకు వీపు ఆనించి కూర్చుంది. గొడ్డళ్ళవాళ్ళు ఆగిపోయారు. మేస్త్రీ కబునారేని పిలిపించాడు.

"అమ్మా, లే."

కదల్లేదు.

"వేలిముద్ర వేసేశానమ్మా. నువ్విట్లా కూర్చుంటే నన్ను పట్టుకుపోతారు."

ఆ మాటకు లేచింది. వాడు చెయ్యి అందించాడు. అది పట్టుకోకుండా, నేల మీద చెయ్యి ఆన్చి తనే లేచి, ఇంటికి నడిచింది. నేను వెంట ఉన్నాను. దారిలో వెనక గొడ్డలి దెబ్బలు వినిపిస్తుంటే ఒక్కసారి కూడా తిరిగి చూడలేదు.

రేకుల కప్పు మీద రెండేళ్ళు వానలు బాగా పడ్డాయి. మూడో ఏడు చుక్క వాన పడలేదు. తొట్టిలో ఎండుటాకులు మిగిలాయి. గుహ ఉన్నచోట కంపెనీ మట్టి తోడేశాక, ముళ్ళలా రాళ్ళు పైకి లేచిన పెద్ద గొయ్యి మిగిలింది. కంపెనీ యంత్రం సముద్రపు నీటిని మరిగించి ఇచ్చే మంచినీళ్ళ కోసం ఊరంతా వరసలో నిలబడ్డాం. కబునారే పని దిగగానే తల్లిని పక్కన కూర్చోబెట్టి, డబ్బాతో తను నిలబడేవాడు.

"ఏరా, నీళ్ళు మోసే పెళ్ళామెవరూ దొరకలేదా?" అని తోటివాళ్ళు ఎగతాళి చేస్తే, డబ్బా పట్టుకుని వరసలో ఇంకో అడుగు ముందుకు జరిగేవాడు.

ఆ ఎండల్లోనే అత్తకు జ్వరం తగిలింది. చెంచాతో నీళ్ళు పోస్తే చప్పరించి, "ఏ గుహవే ఇవి?" అంది.

"మిషను నీళ్ళత్తా. బావ తెచ్చాడు."

"చప్పగా ఉన్నాయి," అంది. అయినా చెంచాలో చుక్క మిగల్చకుండా తాగింది. రెండో రోజు పోయింది.

పాతిపెట్టి వచ్చాక కబునారే నన్ను పక్కకు పిలిచాడు. "నాతో అనలేదు గానీ, నీతో ఏమన్నా అందా? నన్ను తిట్టిందా?"

"లేదు బావా."

"ఒక్కసారైనా?"

"ఒక్కసారి కూడా లేదు." అది నిజం.

"తిట్టి ఉంటే బాగుండేదే," అన్నాడు. ఇంటి ముందు కూలబడి, చిన్నపిల్లాడిలా ఏడ్చాడు.