ఇసుక అని రాసిన చోటు

మా దీవిలో చాతం రేవు దగ్గర ఫెర్రీ కోసం నిలబడితే, రెయిలింగు మీద ఎవరో ఆరేసిన డైవింగ్ సూట్ నుంచి ఉప్పు పట్టిన రబ్బరు వాసన కొట్టింది. మాలతి దీదీ గుర్తొచ్చారు. శాస్త్రవేత్త అనగానే రాకెట్టు పక్కన చేతులూపే ఫొటో కోసం వెతికేవాళ్లంటే నాకు ఒళ్లు మంట. నేనెరిగిన శాస్త్రవేత్త ఏడాదికోసారి పొడిగించే కాంట్రాక్టు మీద సముద్రం అడుగున పగడాలు లెక్కపెట్టేవారు. ఎండకు ఆవిడ ముక్కు మీద తోలు ఎప్పుడూ ఊడుతూనే ఉండేది.

మెయిన్‌లాండ్ నుంచి వచ్చిన ఆవిడ దగ్గర నేను సహాయకురాలిని. కొత్త జెట్టీ కోసం తవ్విన మట్టిని సముద్రంలో ఎక్కడ పోయాలో తేల్చడానికి మేం అడుగు భాగం మ్యాపు గీయాలి. దీదీకి చెవిపోటు వచ్చిన వారం, నాన్న పడవ మీద వెళ్లి నేనే నీళ్లలోకి దిగాను. నాన్న రోజూ వేటాడే చోట కింద పగడాలు తోటలా ఉన్నాయి. వేటకెళ్లే మా ఇళ్లలో చేప దొరికే చోటు చెప్పడమంటే ఇంటి గుట్టు బయటపెట్టడమే. అందుకని అక్కడ ఇసుక అని రాసి, పగడాలను రెండు మైళ్ల అవతల చూపించాను. పెద్ద తెలివైన పని చేశాననుకున్నాను. మ్యాపు ఆఫీసుకు వెళ్లింది. మట్టి పోయడానికి వాళ్లు ఆ ఇసుకనే ఎంచుకున్నారు.

కొన్నాళ్లకు దీదీ నా కాగితాలు మళ్లీ తిరగేసి, నేను చూపించిన చోట లోతు ఎక్కువ, వెలుగే అందదు, ఈ పగడాలు అక్కడ పెరగవన్నారు. ఏడుస్తూ ఒప్పుకున్నాను. తిడతారనుకుంటే, ఆ సాయంత్రమే బతు బస్తీలోని మా ఇంటికి వచ్చి నాన్న ఎదుట కూర్చున్నారు.

“సూడండి మేడమ్, సేప దొరికే జాగా మావోళ్లు సొంత తమ్ముడికే సెప్పరు,” అన్నాడు నాన్న.

“చెప్పకండి. అక్కడ మట్టి పోశాక దాచుకోవడానికి ఏమీ ఉండదు, అంతే.”

నాన్న బాగుచేస్తున్న వలను పక్కన పెట్టాడు. “సుబే రండి, తెల్లారేసరికి. నానే సూపిత్తాను.”

సరిచేసిన మ్యాపు తీసుకెళ్తే, ఆఫీసులో పెద్దాయన పాతదే ఉండనివ్వమన్నారు. కాగితాలు ముందుకు వెళ్లిపోయాయట, పైగా దీదీ తన కాంట్రాక్టు సంగతి కూడా చూసుకోవాలట. ఆ తప్పు నాదని చెప్పబోయాను. దీదీ నా చెయ్యి పట్టుకుని ఆపారు.

“సంతకం నాది, తప్పూ నాదే. ఆ తప్పు మీద మట్టి పొయ్యనివ్వను. ఇదే మాట రాసి పైకి పంపుతున్నాను,” అన్నారు. గొంతు పెంచలేదు, కుర్చీలోంచి కదలనూ లేదు. సిగ్గుతో నేను తలెత్తలేకపోయాను.

మట్టి వేరేచోటికి పోయింది. దీదీ కాంట్రాక్టు పొడిగించలేదు. ఓడ ఎక్కేరోజు నేను క్షమించమంటే, ఈసారి అబద్ధం ఆడేటప్పుడు లోతు కూడా చూసుకోమని నవ్వారు. నాన్న చోటు ఇప్పుడు సగం బస్తీకి తెలుసు, దానికి ఆయన ఇప్పటికీ నన్నే తిడతాడు.

దీదీ చేసిన పనే ఇప్పుడు నేను చేస్తున్నాను. పోయిన నెల, నా సంతకంతో వెళ్లిన లెక్కలో నాకే ఓ తప్పు దొరికింది. ఎవరూ చూడలేదుగా, పోనిమ్మన్నారు ఆఫీసులో తోటివాళ్లు. భయం వేసింది. అయినా తప్పు నాదేనని రాసి పైకి పంపాను. నా కాంట్రాక్టు ఈ ఏడాదితో అయిపోతుంది. అయిపోనివ్వండి.