నాలుగు కాళ్ల మువ్వల చప్పుడు

ముందే చెప్పేస్తే తర్వాత మీకూ నాకూ పేచీ ఉండదు. సోలెడు జరిగితే పుట్టెడు చెప్పే మనిషిని నేను. ఈ సంగతి మా ఇంట్లో పాలు పోసే ఆమెకు కూడా తెలుసు. కాబట్టి ఇందులో కొలతలను నమ్మకండి, మనుషులను నమ్మండి.

మొన్న కడపలో మా చెల్లెలి ఇంటికి పోతే, దాని కూతురు తన ఏడాది పాపకు వెండి పట్టీలు తొడుగుతోంది. ముద్దుగానే ఉన్నాయి గానీ ఒక్క మువ్వ లేదు. ఇదేందమ్మా అంటే, చప్పుడుకు పాప నిద్ర చెడుతుందని అంగడాయన చెప్పాడట. మా జేజి గనక ఆ మాట విని ఉంటే, అంగడికి నడిచిపోయి ఆయన కాళ్లకే మువ్వలు కట్టి వచ్చేది.

జేజి అంటే మా నాయన తల్లి. కోయిలకుంట్ల నుంచి జమ్మలమడుగు పోయే రోడ్డు పక్కన మా ఇల్లు. మా ఊళ్లో మగ్గం చప్పుడు లేని ఇల్లు దేవుడిది ఒక్కటే. యాభైల్లో మాట ఇది. జేజినాయన పోయాక మగ్గం గుంతలోకి జేజే దిగింది. కాళ్లు గుంతలో, చేతులు పోగు తోసే నాడె మీద, చెవులు మాత్రం ఇల్లంతా. నడక నేర్చిన ప్రతి బిడ్డ కాలికీ మువ్వలు కట్టేది. చప్పుడు పొయ్యి వైపు పోతే ఒక కేక, రంగు బాన వైపు పోతే రెండు కేకలు, రోడ్డు గడప వైపు పోతే మగ్గమే ఆగేది. చప్పుడు బొత్తిగా లేకపోతే ఇంకా ప్రమాదం. బిడ్డ నోట్లో ఉన్నది చింతగింజో గోలీనో కూడా ఆ చెవులకు తెలిసేదని నా నమ్మకం.

ఆ పొద్దు నాయన సంతకు పోయినాడు. అమ్మ వీధి చివర పడుగు నూలు చాపి గంజి పెడుతోంది. అప్పటికి ఏడాదిన్నరున్న ఈ కడప చెల్లెలికే కాపలా నేను, ఏడేళ్లవాణ్ణి. పెరటి గోడ అవతల గోలీలాట మంచి ఊపులో ఉంది. నేను గోడ ఎక్కిన ప్రతిసారీ చెల్లెలు కదలకుండా కూర్చునేది, మువ్వలు ఆగేవి, లోపల్నుంచి కేక వచ్చేది. నాలుగోసారి నాకు జ్ఞానోదయమైంది. చెల్లెలి కాళ్ల మువ్వలు విప్పి, పెరట్లో గుంజకు కట్టేసిన మేకపిల్ల ముందరి కాళ్లకు కట్టాను. అది పుట్టినప్పటి నుంచి నిలకడ ఎరగని జీవం. ఘల్లుఘల్లుమని ఒకటే గెంతడం. చెల్లెలి చేతిలో బెల్లంముక్క పెట్టి నేను గోడ దూకాను.

మూడు గోలీలు గెలిచానో లేదో, లోపల మగ్గం ఆగింది.

"రేయ్, పాప యాడుండాది?"

"ఈడనే ఉండాది జేజీ. మువ్వలు ఇనపల్యా?"

"ఇనపడతాండాయి. పాప ఎప్పట్నుంచిరా నాలుగు కాళ్లతో నడుస్తాండాది?"

నా గుండె గోలీ అంత అయింది. పడుగు పక్కన ఎవరైనా తుమ్మితే ఊరుకోని మా జేజి, సగం నేసిన చీర మీదినుంచే గుంతలోంచి పైకి లేచింది. పోగులు పుటపుటమని తెగిన చప్పుడు పెరట్లోకి వినిపించింది. నేను ఇంటి పక్క సందులోంచి రోడ్డు వైపు పరుగెత్తాను. చెల్లెలు రోడ్డు నడిమధ్యన కూర్చుని, పగిలిన గాజుముక్కలు ఏరి వరస పెట్టుకుంటోంది. జమ్మలమడుగు బస్సు కొండంత దుమ్ము లేపుకుంటూ వస్తోంది. నేను మూడు ఊళ్లకు వినిపించేలా కేక పెట్టి, గాలిలో తేలిపోయి, జేజి కంటే ముందు పాపను అందుకున్నాను. బస్సు కీచుమని మా ముక్కుల ముందు ఆగింది. దిగిన డ్రైవరు మీసాల మీద రెండు నిమ్మకాయలు నిలబడతాయి.

"ఏమవ్వా, పడుగులు చాలక బిడ్డల్ని గూడా రోడ్డు మీద ఆరబెడతాండారా?" అన్నాడు.

ఎవరి మాటకైనా రెండు మాటలు అప్పజెప్పే జేజి, పాపను గుండెకు అదుముకుని రోడ్డు మీదే కూర్చుండిపోయింది. కాసేపటికి లేచి, పెరట్లోకి వచ్చి, మేకపిల్ల కాళ్ల మువ్వలు విప్పింది. దెబ్బలకు నేను వీపు సిద్ధం చేసుకున్నాను. కొట్టలేదు. వంగి ఆ మువ్వలు నా కాళ్లకు కట్టింది.

"నేను ఇనాల్సింది పాపను కాదురా, నిన్ను" అంది.

నెల రోజులు వాటితోనే బడికి పోయాను. బడి మెట్లు ఎక్కుతుంటే అయ్యవారు బల్ల మీద తాళం వేసేవాడు. చెల్లెలికి మళ్లీ కొత్త మువ్వలొచ్చాయి, తెగిన పోగులు అమ్మా జేజీ రెండు రోజులు కూర్చుని అతికారు.

ఇక ఆ కొలతల లెక్క ఒప్పజెబుతాను. బస్సు ముక్కు ముందు ఆగలేదు, నలభై అడుగుల దూరంలోనే ఆగింది. మీసాల మీద నిమ్మకాయలు నేను పెట్టినవి. ఇవి పెంచి చెప్పినవే గానీ అబద్ధాలు కావు. పూర్తిగా కల్పించింది ఒక్కటే. నేను కేక పెట్టలేదు, పరుగెత్తి అందుకోనూ లేదు. సందు చివర గోడ పట్టుకుని నిలబడిపోయాను. కేక పెడితే మేకపిల్ల సంగతి బయటపడుతుందని నోరు మూసుకున్నాను. అందుకున్నది జేజి ఒక్కతే. నేను అందరికీ వేరేలా చెబుతుంటే విని కూడా, బతికినన్నాళ్లూ ఆమె కాదనలేదు. అన్న కాపాడాడని చెల్లెలు ఈ రోజుకూ చెప్పుకుంటుంది. అరవై ఏళ్లుగా నేను దాని కోసం కథలో పరుగెడుతూనే ఉన్నాను. కాలం ఇంత దూరం వచ్చేసినా, ఆ ఏడేళ్లవాడు మాత్రం ఆ గోడ వదిలి ఒక్క అడుగు ముందుకు వేయలేదు.