శుక్రవారం కడిగిన చేపల తొట్టి

చేపల కోసం ఏడ్చినానని ఇంకొకరు చెప్పింటే నేను పడీ పడీ నవ్విండేదాన్ని. అట్లాంటి దాన్ని, తిరుపతిలో మా బాడుగింటి ముందర గదిలో, కుట్టుమిషను పక్కన నిలబడుకోని, రెండంగుళాల చేపను అరచేతిలో పెట్టుకోని "నీకు దండం పెడతానే తల్లీ, ఊపిరి తీసుకో" అని బతిమాలినాను. పిచ్చిదని అనుకోండి, ఏం పర్వాలేదు. ఆ రోజు నిజంగా పిచ్చిదాన్నే.

మా ఇంటాయన బస్సు డ్రైవరు. తిరుపతి నుంచి పలమనేరుకు, పలమనేరు నుంచి తిరుపతికి, జుట్టు నెరిసేదాకా అదే దోవ. మొగిలి ఘాట్లో అడ్డమొచ్చిన లారీ వాళ్ళను కిటికీలోనుంచి తల బయటపెట్టి వాళ్ళ ఏడు తరాలను కడిగేసే నోరు ఆయనది. ఒక రోజు పొద్దున పెరట్లో పండ్లు తోముకుంటా ఉన్నోడు ఉన్నట్టుండి కూలబడినాడు. పక్షవాతం. కుడి చెయ్యి, కుడి కాలు పడిపోయినాయి. మాట కూడా పోయింది. 'ఆ, ఆ' తప్ప ఇంకోటి రాలేదు ఆ నోట్లోనుంచి.

ఆసుపత్రి నుంచి తెచ్చినాక నాలుగు నెలలు గోడ తట్టు తిరిగి పడుకున్నాడు. జావ తాగించబోతే గిన్నె నెట్టేసేవాడు. ఇంటికొచ్చి వ్యాయామం చేయించే అమ్మాయి ఒక రోజు వాకిట్లో చెప్పులు వేసుకుంటా మెల్లగా చెప్పింది. "ఆంటీ, చెయ్యి కదలాలంటే ముందు ఆయనకు కదల్చాలని ఉండాల. ఈ మాదిరే గోడకు తిరిగి పడుకుంటే ఇంక నేను వచ్చి లాభం లేదు. పుండ్లు పడతాయి, తిండి మానేస్తాడు, ఆ తర్వాత మన చేతుల్లో ఏం ఉండదు." ఆ పిల్ల పోయినాక మిషను మీద కూర్చున్నా గానీ సూదిలో దారం ఎక్కించలేకపోయినాను.

మా కూతురు శ్రీ సిటీలో కంపెనీ పని చేస్తాది, ఆడే హాస్టల్లో ఉంటాది. ఆదివారం వస్తాది. ఆ వారం వస్తా వస్తా రెండడుగుల గాజు తొట్టి, గులకరాళ్ళు, గాలి మోటారు, స్పాంజి పెట్టిన ఫిల్టరు, కవర్లో ఆరు గోల్డ్ ఫిష్‌లు తెచ్చింది. "నాయనకు చూసేదానికి ఏమన్నా ఉండల్ల గదమ్మా" అనింది. బస్టాండు దగ్గర అంగడోడు ఏమీ చెప్పలేదు, మాకూ ఏమీ తెలీదు. కొళాయి నీళ్ళు బిందెలతో పోసినాం, అదే గంటలో చేపల్ని వదిలేసినాం.

ఏం చెప్పాలబ్బా, ఆ సాయంత్రమే ఆయన ఇటు తిరిగినాడు. వీపు కింద దిండు పెడితే అర్ధగంట కూర్చున్నాడు. వాటిని చూస్తా చూస్తా రాగిజావ గిన్నెడు తాగేసినాడు. అందులో నల్లది ఒకటి ఉన్నింది, గుడ్లు బయటికొచ్చిన మొహం. దాన్ని చూస్తే ఆయన ఎడమ పెదవి కొంచెం పైకి లేచేది. నాలుగు రోజులు తిరక్కముందే వ్యాయామం పిల్ల భుజం పట్టుకుంటే మంచం దిగి నిలబడినాడు. నేను వంటింట్లోకి పోయి కొంగు నోట్లో కుక్కుకోని ఏడ్చినాను. ఈ ఆరు చేపలుంటే చాలు, మా ఆయన లేస్తాడు, నడుస్తాడు. అదే నా లెక్క.

అంతలో శుక్రవారం వచ్చింది.

మా ఇంట్లో శుక్రవారమంటే శుక్రవారమే. గడపకు పసుపు పూయల్ల, ఇల్లంతా నీళ్ళు పోసి కడగల్ల, దేవుడి సామాన్లు చింతపండుతో తోమి తళతళలాడించల్ల. మురికి ఉండే ఇంట్లోకి లక్ష్మి రాదని మా అమ్మ నూరిపోసిన మాట. తొట్టిలో నీళ్ళు తెల్లగా, బియ్యం కడిగిన కుడితి మాదిరి అయిపోయుండాయి. ఫిల్టరు తీసి చూస్తే స్పాంజికి గోధుమరంగు జిగురు. ఛీ ఛీ, ఈ గలీజులోనా నా చేపలుండేది అనుకున్నా. స్పాంజిని కొళాయి కింద పెట్టి పిండి పిండి కొత్తదాని మాదిరి తెల్లగా చేసినాను. నీళ్ళన్నీ పారబోసి కొత్త నీళ్ళు పట్టినాను, బ్లీచింగు వాసన గుప్పుమంటా ఉన్నింది. శుభ్రంగా ఉండాయిలే అనుకున్నా.

చేపల్ని మళ్ళా ఆ నీళ్ళల్లో వదిలినప్పటి నుంచి ఆయన వాటినే చూస్తా, 'ఆ, ఆ' అంటా ఇనుప మంచం పట్టెను ఎడమ చేత్తో కొట్టినాడు. ఆయన్ను నేను అడిగే ప్రశ్నలు మూడే. "ఒంటికొచ్చిందా? ఆకలా? నొప్పా?" మూడింటికీ తల అడ్డంగా ఊపినాడు. సిగ్గుపడతా ఉండాడేమోనని గిన్నె తెచ్చి కింద పెట్టినాను. తోసేసినాడు.

మరుసనాడు పొద్దున నారింజ రంగుది ఒకటి పక్కకు వాలి తేలుతా ఉన్నింది. ఆయన నిద్రలో ఉండాడు. గబగబా తీసి కొంగులో దాచి పారేసి, బస్టాండుకు పోయి అట్లాంటిదే ఇంకోటి తెచ్చి వదిలినాను. లేచినాక ఆయన దానివైపు చాలాసేపు చూసినాడు. నేను మిషను మీద కూర్చుని తల ఎత్తలేదు.

రెండో శుక్రవారం నా భయం కొద్దీ ఇంకా గట్టిగా కడిగినాను. గాజుకు పట్టిన పాచి, మోటారు పైపు, అన్నీ. అంతటితో ఊరుకున్నానా? పుండైనా పసుపే, జలుబైనా పసుపే, అమ్మవారు పోసినా పసుపే, చేపకెందుకు పనికిరాదని చిటికెడు పసుపు కలిపినాను. నీళ్ళు పచ్చగా తిరిగినాయి. మంచం పట్టె మోగతానే ఉన్నింది, నేను అవే మూడు ప్రశ్నలు అడగతానే ఉన్నాను. శనివారానికి రెండు పోయినాయి, అందులో ఆ నల్లది ఒకటి. మళ్ళా బస్టాండుకు పరిగెత్తినాను. ఈసారి నల్లది దొరకలేదు, నల్లమచ్చలది తెచ్చినాను.

ఆయన కనిపెట్టేసినాడు. చూసినాడు, చూసినాడు, గోడ తట్టు తిరిగేసినాడు.

రెండు రోజులు చెంచాడు జావ నోట్లోకి పోలేదు. కాళ్ళు పట్టుకున్నాను. తిట్టినాను. "నీతో పాటు నన్ను కూడా చంపెయ్యయ్యా, పీడా పోతాది" అని అరిచినాను. పక్కింటి వాళ్ళు తొంగి చూసినారు. మూడో రోజు మెడ తిప్పి మళ్ళా తొట్టి వైపు చూసినాడు, అదీ నా మీద దయ తలిచి. ఇప్పుడు ఇంకొక చేప చస్తే ఈ మనిషి మళ్ళా ఇటు తిరగడని నాకు తెలిసిపోయింది. అన్నం సహించలేదు. జాకెట్టు కొలతలు తప్పు కుట్టి ఇద్దరితో మాటలు పడినాను. గంటకోసారి లేచి చేపల్ని చూసేదాన్ని. పైకొచ్చి గుటకలేస్తా ఉండాయా, అడుగున కూర్చుండాయా, రెక్కలు ముడుచుకున్నాయా? చెవుల దగ్గర, అదే ఊపిరి తీసుకునే కాడ, ఎర్రగా కమిలినట్టు ఉండాయి. నాకు అర్థమయిందల్లా ఒకటే, ఇంకా మురికి ఉండాదని.

మూడో శుక్రవారం గులకరాళ్ళు కూడా బకెట్లోకి తీసి సలసల కాగే నీళ్ళు పోసి కడిగినాను. స్పాంజిని బండకేసి కొట్టినాను. ఆయన ఆ రోజు మామూలుగా కొట్టలేదు. పట్టె కొట్టి కొట్టి చేతి కణుపుల దగ్గర తోలు లేచిపోయింది. మందు సీసా దొర్లించినాడు, నీళ్ళ చెంబు విసిరినాడు. నాకు ఒళ్ళు మండిపోయింది. "నీ కోసమే కదయ్యా నా నడుము విరిగేది! యాడికీ పోలేని మనిషికి ఇంత పొగరెందుకు?" అని అనేసినాను. అనకూడని మాట. ఆయన చెయ్యి కిందికి జారింది, కండ్లు మూసుకున్నాడు.

శనివారం పొద్దున నాలుగు పోయినాయి. ఐదోది కొట్టుకుంటా ఉంటే దాన్నే అరచేతిలోకి తీసుకోని బతిమాలినాను. మళ్ళా నీళ్ళల్లో వదిలితే మెల్లగా మొప్ప ఆడించింది. ఆయన మేలుకోని ఉండాడు, అంతా చూసినాడు. ఇంక దాచేదానికి ఏముంది?

బస్టాండు దగ్గర అంగడి మూసుండాది. అడిగి అడిగి ఇంకో వీధిలో ఒక చిన్న అంగడికి పోయినాను. చిత్తూరు తట్టు ఆమె, నా వయసే ఉంటాది, చీర కుచ్చిళ్ళు ఎత్తి దోపుకోని తొట్ల మధ్య తిరగతా ఉన్నింది.

"నాలుగు గోల్డ్ ఫిష్‌లు ఈమ్మా, తొందరగా."

"ఉండేవి ఏమైనాయి?" అనింది.

చెప్పినాను. ఆమె చేతిలో వల పక్కన పెట్టేసింది. "నీకు నేను చేపలు అమ్మను."

నాకు యాడలేని కోపం వచ్చింది. "అమ్మకపోతే అంగడెందుకు తెరిచినావు? ఆడ మా ఆయన..." అని మొదలుపెట్టి, ముగించలేక ఆ తడి నేల మీదనే కూలబడి ఏడ్చేసినాను. ఆమె స్టూలు లాగి కూర్చోబెట్టి, నీళ్ళిచ్చి, అంతా విన్నది.

"సూడక్కా" అనింది తర్వాత. "చేప తింటాది, ఆ నీళ్ళల్లోనే పోస్తాది, ఆ నీళ్ళల్లోనే దొడ్డికి పోతాది. అదంతా విషమవతాది. దాన్ని తినే పురుగులు, కంటికి కనపడనివి, స్పాంజిలో, రాళ్ళల్లో పుట్టాల. నెల, నెలన్నర పడతాది. నువ్వు గలీజనుకున్న ఆ జిగురే వాటి కాపురం. పాలల్లో తోడేసి, దినామూ గిన్నె తోమేస్తే పెరుగు యాడ తోడుకుంటాది చెప్పు? పైగా సచ్చినప్పుడల్లా కొత్త చేపను తెచ్చి ఏసినావు, ఆ విషం ఇంకా ఎక్కువైంది."

"అయితే కడగడమే తప్పంటావా?" అన్నాను.

"ఎప్పుడెప్పుడు కడిగినావు?"

"శుక్రవారం శుక్రవారం."

"ఎప్పుడెప్పుడు సచ్చినాయి?"

"శనివారం శనివారం" అన్నాను. మంచం పట్టె చప్పుడు చెవుల్లో మోగింది. ఇంట్లో పొద్దస్తమానం ఆ తొట్టిని చూస్తా కూర్చునే మనిషి ఒక్కడే. నేను కడిగినాక ఏమవతా ఉందో మొదటి వారమే కండ్లారా చూసిన మనిషీ ఒక్కడే.

ఆమె తన పాత తొట్టిలోనుంచి నల్లగా, జిగటగా ఉన్న స్పాంజి ముక్క ఒకటి కవర్లో వేసి ఇచ్చింది. తోడు, అనింది. దినామూ పావు వంతు నీళ్ళే మార్చమనింది, అవీ ముందు రోజే బకెట్లో పట్టి పెట్టినవి. మేత రెండు రోజులకొక చిటికెడు చాలునంట. ఉన్న రెండూ పోతే పోనీ, కొత్తవి మాత్రం తేవద్దనింది. ఆ రెండూ ఎట్లనో గట్టెక్కినాయి గానీ ఆ రోజు అది మాకెవరికీ తెలీదు.

ఇంటికి ఎట్లా వచ్చినానో గుర్తు లేదు. చెప్పులు కూడా విడవకుండా గదిలోకి పోయినాను. ఆ గలీజు ముక్కను ఫిల్టరు పక్కన పెట్టినాను. ఆయన తల తిప్పి చూసినాడు.

"తొట్టి కడగొద్దని చెప్పేదానికేనా మంచం కొట్టినావు?"

తల నిలువుగా ఊపినాడు.

"మొదటి వారం నుంచీనా?"

మళ్ళా ఊపినాడు. ఎడమ కంట్లోనుంచి నీళ్ళు చెవిలోకి కారినాయి. తుడవాలని కూడా తోచలేదు నాకు. "నా నోరు పడిపోను, ఎంత మాట అన్నాను నిన్ను" అని ఆ తోలు లేచిన చెయ్యి పట్టుకున్నాను. ఐదు నెలలుగా ఈ మనిషికి మాట రాలేదని ఊరంతా చెప్పుకుంటా తిరిగినాను. ఆయన చెప్తానే ఉండాడు. నాకే తీరిక లేకపోయింది.

"ఇంకా ఏమేం చెప్పాలనుకున్నావయ్యా? ఇప్పుడు చెప్పు. ఎన్నున్నా చెప్పు."

నమ్మలేనట్టు చూసినాడు. తర్వాత వేలు పైకి లేపినాడు. టీవీ. ఆయనకు మంచి జరగాలని తెల్లారి లేస్తానే నేను పెట్టే భక్తి ఛానలు. ఆపేసినాను. ఒక్కసారిగా ఇంట్లో ఎంత నిశ్శబ్దమో. వేలు కిటికీకి పోయింది. ఎండ పడతాదని నేను మూసి పెట్టిన తలుపు తెరిచినాను, రోడ్డు మీద బస్సు హారను లోపలికి వచ్చింది. ఆయన కండ్లు మూసుకోని విన్నాడు. తర్వాత నెత్తి కింద దిండు. తీసేసి పలచటిది పెట్టినాను. జావ గిన్నె చూపించి మొహం వికారంగా పెట్టినాడు. "ఉప్పు లేదనా?" అంటే తల ఊపినాడు. ఏడస్తానే నవ్వొచ్చింది నాకు. ఉప్పు తెచ్చేదానికి లేచినాను.

'ఆ, ఆ' అన్నాడు.

"తెస్తానుండు, ఉప్పే కదా?"

తల అడ్డంగా ఊపినాడు. వేలు నా వైపు చూపించినాడు. నేనేం చేసినాను మళ్ళా అనుకున్నా. ఆ వేలు మెల్లగా కిందికి వంగి, ఆయన పక్కన పరుపు మీద రెండు సార్లు తట్టింది.

ఐదు నెలల్లో ఆ మంచం దుప్పట్లు మార్చినాను, ఆయన్ను అటూ ఇటూ పొర్లించినాను, ఒళ్ళు తుడిచినాను. దాని మీద కూర్చున్నది మాత్రం ఆ రోజే.