ఎస్నాతవ్వ ఇచ్చిన బూట్లు

మొగుడంపల్లి ఆశీర్వాదం సువార్త పనికి ఆఫ్రికాల ఉన్న మలావీ దేశం పోయే ముందు రెండేండ్లు తయారైండు. పొద్దంత అల్లం చేన్ల పని, పొద్దుగూకంగ జహీరాబాద్ పాస్టరు దగ్గర చదువు. అక్కడి భాష నేర్సుకున్నడు, ఆ భాషలనే నలభై ప్రసంగాలు రాసుకున్నడు. “లేనోళ్ల దగ్గరికి పోతున్నవ్, ఇచ్చేటోనివై ఉండు” అని పాస్టరు చెప్పిన మాట మనసుల పెట్టుకున్నడు.

అక్కడ మొదటి ఆదివారం మన దిక్కు లెక్కనే రబ్బరు చెప్పులు చర్చి గడప బయట ఇడిసి లోపలికి పోయిండు. లోపల అందరి కాళ్లకు బూట్లే. దేవుని ముందట బూట్లేసుకొని నిలబడుడే వాళ్ల మర్యాద. ఆయన ప్రసంగం ఎవరిన్నరో గని, అందరు ఆయన ఉత్త కాళ్లనే చూసిన్రు.

తెల్లారి ఎస్నాత్ అనే ముసలవ్వ నాలుగు మైళ్లు నడిచి ఆయన ఇంటికొచ్చింది. చేతుల ఒక జత బూట్లు.

“చచ్చిపోయిన మా ఆయనవి బిడ్డా. నీకు లేవు గద, తొడుక్కో.”

చెప్పులు బయట ఇడుసుడు మా ఆచారమవ్వా, నాకేం తక్కువ లేదు అని చెప్పబోయిండు. అంతల అవ్వ కాళ్ల మీద ఆయన చూపు పడ్డది. పగుళ్ల నిండ దుమ్ము. రెండు చేతులు చాపి బూట్లు తీసుకున్నడు. రెండేండ్ల చదువుల తీసుకునుడు ఎట్లనో ఎవ్వరు నేర్పలే.

బూట్లు జర పెద్దగైనయి. మల్ల ఆదివారం, రాసుకొచ్చిన ప్రసంగాల కాయితాలు వాటి ముంగటి కొనల కుక్కి, తొడుక్కొని, పోయి చర్చిల అవ్వ పక్కన కూసున్నడు.