వేలికి తీగ, గేదెకు గళ్ల చీర

మా ఆవిడ పోయాక గేదె పాలివ్వడం మానేసింది. దూడను వదిలినా చేపలేదు. కొన్న దగ్గర్నుంచీ ఆవిడ చేతికే అలవాటు పడింది మరి. పక్కింటి అబ్బాయి గోడ మీంచి చూసి, "బాబాయ్, పిన్ని చీర కప్పుకుని కూచో. ఆ వాసనకి ఇచ్చేస్తుంది" అన్నాడు. ఎగతాళేమోనని మొహం చూశాను. కాదు. మా దివిసీమలో అది కొత్త సంగతేం కాదు. పాలు పితికేటప్పుడు ఆవిడ కట్టుకునే ఎర్ర గళ్ల నేతచీర దండెం మీదే ఉంది. తల మీంచి కప్పుకుని కూర్చున్నాను. గేదె వెనక్కి తిరిగి, వాసన చూసి, పొదుగు వదిలింది.

ఆ చీరను నేను ఉతకలేదు. పేడ, తవుడు, పాల మరకలు, వాటన్నిటి అడుగున ఎక్కడో ఆవిడ. పొద్దునా సాయంత్రమూ అది కప్పుకుని గేదె పక్కన కూర్చున్న కాసేపు ఇంట్లో ఇద్దరమున్నట్టే ఉండేది. మిగతా రోజంతా నా గొంతు నేనే వినేవాణ్ణి కాదు.

తొంభైలు ముగుస్తున్న రోజుల్లో, ఒక వానాకాలం, కాలవ గట్టున లారీ హారన్‌కు గేదె బెదిరింది. పలుపు నా కుడిచేతి వేళ్లకు చుట్టుకుని ఉంది. ఒక్క గుంజు గుంజేసరికి మధ్యవేలు నడిమి కీలు దగ్గర పక్కకు తిరిగి నిలబడింది.

"ఇదెంత బాబాయ్! వాలీబాల్ ఆడేప్పుడు నాకెన్నిసార్లు ఊడిందో!" అంటూ పక్కింటి అబ్బాయి పట్టుకుని లాగాడు. టక్కుమని కూర్చుంది. అతను చేతులు దులుపుకుని వెళ్లాడు. సాయంత్రానికి మళ్లీ జారింది. నాటుకట్టు వేయించాను, గుడ్డుసొనా వెదురుబద్దలూ పెట్టి. వారం పోయాక విప్పితే వేలు వంకాయలా ఉంది.

పులిగడ్డ అక్విడెక్టు దాటి, చల్లపల్లి మీదుగా ఒక్కణ్ణే బస్సులో బందరు వెళ్లాను. ఎముకల డాక్టరు ఎక్స్‌రేని వెలుతురుకు పెట్టి చూశాడు.

"కీలు తప్పడం ఒక్కటే కాదు తాతగారూ, కీలు అంచు ముక్క విరిగింది. అందుకే లాగినా నిలవలేదు. కోసి, ఆ ముక్కను సర్ది, తీగతో బిగించాలి. అలా చేసినా పూర్తిగా వంగుతుందని మాటివ్వలేను. ఈ వయసులో ఎందుకు చెప్పండి? నిటారుగా అతుక్కుపోనిస్తే సరి. పెద్ద ఇబ్బందేం ఉండదు."

ఈ వయసులో! ఆ మాట కనిపెట్టినవాడెవడో దొరికితే బాగుండును.

"బాబూ, నేను బడి మొహం చూడలేదు. పొట్లాల కాగితాలు చదివి అక్షరం పట్టుకున్నాను. మీరు చెప్పింది అర్థమైంది. నేను చెప్పేది కూడా వినండి. నేను గేదె పాలు పితకాలి. ఈ వేలు చుట్టుకోకపోతే పట్టు దొరకదు."

"ఇంట్లో ఇంకెవరూ లేరా?"

"గేదె ఉంది."

ఆయన నవ్వబోయి మానేశాడు. సరే చేద్దామన్నాడు.

తోడెవరొచ్చారని నర్సు అడుగుతూనే ఉంది. చివరికి విసుగొచ్చి, "నువ్వున్నావుగా అమ్మా" అన్నాను. వేలి మొదట్లో సూది పొడిచారు, చేతికీ నాకూ మధ్య పచ్చగుడ్డ అడ్డం కట్టారు. మెలకువగానే ఉన్నాను. ఎముకలోకి తీగ దిగుతున్న చప్పుడు ఎవరి ఇంట్లోనో బోరు వేస్తున్నట్టు వినపడింది. బయటికొచ్చాక చూస్తే, కట్టులోంచి ఆ తీగ కొస వంకర తిరిగి కనిపిస్తోంది.

ఒంటిచేత్తో మేతా నీళ్లూ కావని పక్కింటివాళ్లు గేదెనూ దూడనూ తమ పాకలోకి తోలుకెళ్లారు. చీర ఆ ఇంటి కోడలి చేతికిచ్చి, "ఇది కప్పుకుని కూచోవాలమ్మాయ్" అని చెప్పాను. "అలాగే మావయ్యగారూ" అంది. పూటపూటా గోడ అవతల పాలధార చెంబుకు తగిలే చప్పుడు వినేవాణ్ణి. ఎడంచేత్తో స్పూను పట్టుకుని, చల్లారిన అన్నం ముందు కూర్చుని.

తీగ తీసేశాక వేలు కట్టెపుల్లలా ఉంది. నొప్పయినా వంచమన్నారు, మెత్తటి బంతి పిసకమన్నారు. బంతెందుకు? తడిపిన తవుడు ముద్ద పిసికాను. గేదె లేని పాకలో కూర్చుని, కళ్లనీళ్లు కారుతుంటే పిసికాను. చూసేవాళ్లు లేరు కనక మొహమాటం లేదు. వేలు మొరాయించి మొరాయించి, చివరికి సగానికి పైగా వంగింది. చాలనుకుని గేదెకోసం వెళ్లాను.

కోడలు నవ్వుతూ చీర తెచ్చిచ్చింది. మడత పెళపెళలాడుతోంది.

"మరీ మాసిపోయిందండీ మావయ్యగారూ. సబ్బు పెట్టి ఉతికి, గంజి పెట్టాను. మొదట్లో ఒకటి రెండు పూటలే కప్పుకున్నా. తర్వాత అక్కర్లేకపోయింది. మంచి గేదె, ఎవరు కూచున్నా ఇచ్చేస్తుంది!"

"మంచి పని చేశావమ్మా" అన్నాను. ఇంకేమంటాను?

ఆ సాయంత్రం చీర కప్పుకుని కూర్చున్నాను. సబ్బు వాసన, గంజి వాసన. ఎంత లోపలికి పీల్చినా అంతే. గేదె వెనక్కి తిరిగి ఒకసారి వాసన చూసి, మేతలోకి తల దించేసింది. చెయ్యి వేశాను. వేలు వంగినంత వంగింది. మొదటి ధార చెంబులో పడింది.

గేదె మీద ఎక్కడలేని కోపం వచ్చింది. "అంత తొందరగా మర్చిపోయావుటే?" అన్నాను గట్టిగానే. అది చెవి విదిలించి, పాలిస్తూనే ఉంది.

చెంబు నిండినా లేవలేదు. గంజి చీర చెంపకు గరగరా తగులుతుంటే, చీకటి పడేదాకా అక్కడే కూర్చున్నాను.